రెండు జతల టైర్లు, ఒకటే బండి: అరుగుదల, గ్రిప్ కొలతల డైరీ

పని ఏంటంటే

ఏ టైర్ గురించి ఎవర్ని అడిగినా రెండే జవాబులొస్తాయి, సూపర్ ఉంది అనో లేదా వేస్ట్ అనో. ఏ బండి, గాలి ఎంత కొట్టారు, ఎంత బరువు మోశారు, ఎక్కువగా స్ట్రెయిట్ రోడ్డా మలుపులా, ఇవేవీ చెప్పరు. పదివేలు నడిచింది అంటారు గానీ ఆ పదివేలలో చివరి నాలుగు వేలు బండి ఎలా తిరిగిందో అడిగితే గుర్తుండదు. అందుకని ఒకే బండి మీద రెండు జతల టైర్లు మార్చి మార్చి నడిపి, అరుగుదలనీ గ్రిప్‌నీ వేరువేరుగా కొలుద్దామని మొదలుపెట్టా.

బండి మధ్యరకం రోడ్ బైక్. ముందు 110/70 ఆర్17 54హెచ్, వెనక 150/60 ఆర్17 66హెచ్. సైడ్‌వాల్ మీద అంకెలు చదవడం అలవాటు లేనివాళ్లకి చెప్తున్నా, 150 అంటే వెడల్పు ఎంఎంలో, 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం సైడ్‌వాల్ ఎత్తు, ఆర్ అంటే రేడియల్, 17 రిమ్ సైజు అంగుళాల్లో, 66 అంటే 300 కిలోల దాకా మోస్తుంది (ముందుదానికి 54 కాబట్టి 212 కిలోలు), హెచ్ అంటే గంటకి 210 కి.మీ. స్పీడ్ దాకా ఓకే. ఇంకోచోట కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి, అది తయారీ డేట్. 1824 అని ఉంటే 2024లో 18వ వారం. రెండు జతల డేట్లూ దగ్గరదగ్గరగా ఉండేలా చూసుకునే కొన్నా, ఎందుకంటే రబ్బరు వాడకపోయినా గాలి తగిలి గట్టిపడుతుంది, పాతది ఒకటీ కొత్తది ఒకటీ పోల్చితే అది పోలికే కాదు.

ఒక జత టూరింగ్ రకం, టైర్ అంతా ఒకటే కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం), దీన్ని "గట్టి జత" అంటా. రెండోది స్పోర్ట్ టూరింగ్ రకం, మధ్యలో ఒక కాంపౌండ్, భుజాల మీద (సెంటర్‌కి రెండు పక్కలా వంగిన భాగాల్లో) ఇంకా మెత్తది, దీన్ని "మెత్త జత" అంటా. బ్రాండ్లు రాయట్లేదు. ఒక్క జత చూసి కంపెనీ మొత్తానికి మార్కులు వేయడం నాకు నచ్చదు.

ముఖ్యమైన ఏర్పాటు ఇంకోటి, రెండో జత రిమ్‌లు. ఒక జత పూర్తిగా అరిగాక రెండోది వేస్తే ఒకటి ఎండాకాలంలో నడుస్తుంది ఇంకోటి వానాకాలంలో, ఇంక ఏం పోలుస్తాం. అందుకే దాదాపు ప్రతి 500 కి.మీ.కి చక్రాలు మార్చేస్తున్నా. ఏ రిమ్ డిస్క్ ఆ రిమ్‌కే ఉంచా, ప్యాడ్లు మాత్రం ఒకటే, దాంతో మార్చిన రోజు బ్రేక్ ఫీల్ కాస్త తేడాగా ఉంటుంది, ప్యాడ్ కొత్త డిస్క్ మీద కూర్చునేదాకా ఏ టెస్టూ చేయను.

కొలిచే పద్ధతి

లోతుకి డిజిటల్ డెప్త్ గేజ్. టైర్ చుట్టూ మూడు చోట్ల పెయింట్ మార్కర్‌తో గుర్తులు పెట్టి, ఎప్పుడూ అక్కడే, సెంటర్‌లోనూ రెండు భుజాల మీదా కొలిచి సగటు తీస్తా. గాడి అడుగున అడ్డంగా చిన్న దిమ్మ ఉంటుంది, అదే టీడబ్ల్యూఐ, అంటే అరుగుదల హద్దు చూపించే గుర్తు, చాలా బైక్ టైర్లలో 0.8 ఎంఎం ఎత్తు, గేజ్ పిన్ను దానిమీద పడితే రీడింగ్ తప్పు వస్తుంది, అందుకే గుర్తులు దానికి దూరంగా పెట్టా.

గట్టిదనానికి షోర్ ఏ మీటర్. మొండి మొనతో చిన్న సూది ఉంటుంది, రబ్బరు మీద నొక్కితే 0 నుంచి 100 లోపు అంకె చూపిస్తుంది. మెత్త జత వెనక టైర్ సెంటర్‌లో 63, భుజం మీద 57, గట్టి జత అన్నిచోట్లా 66 చుట్టుపక్కల. ఇది చూసి గ్రిప్ తేల్చేయకండి. సిలికా ఎక్కువ కలిపిన కాంపౌండ్ మీటర్‌లో గట్టిగా కనిపించినా తడిలో బాగా పట్టుకోవచ్చు. ఈ మీటర్ పనికొచ్చేది ఒక టైర్‌ని అదే టైర్‌తో, ఒకే టెంపరేచర్ దగ్గర, కాలం గడిచేకొద్దీ పోల్చుకోడానికి. చల్లటి పొద్దున గట్టి జత 70 దాటి చూపిస్తుంది, ఎండలో నిలబెడితే అదే టైర్ 62కి దిగిపోతుంది. ఇంకో తిరకాసు ఉంది, ఈ కొలత సరిగ్గా రావాలంటే సూది కింద కనీసం 6 ఎంఎం రబ్బరు ఉండాలి. అరిగిన సెంటర్‌లో నొక్కితే కింద ఉన్న బెల్ట్ (టైర్ లోపలి గట్టి పొర) తగులుతుంది, రబ్బరు గట్టిపడిందో పలచబడిందో తెలీదు. అందుకే అరిగేకొద్దీ సెంటర్ రీడింగ్ నమ్మడం మానేసి, రబ్బరు ఇంకా మందంగా ఉన్న భుజం మీదే చూస్తున్నా.

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన పనిముట్టు మాత్రం కాంటూర్ గేజ్. వడ్రంగులు చెక్క అంచుల ఆకారం కాపీ చేసుకోడానికి వాడేది, దువ్వెన పళ్లలా సన్నటి పిన్నులు వరసగా ఉంటాయి. టైర్‌కి అడ్డంగా పెట్టి నొక్కితే పిన్నులన్నీ టైర్ ఒంపుని బట్టి వెనక్కి జరుగుతాయి, తీసి గ్రాఫ్ పేపర్ మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకోవడమే. కొత్త వెనక టైర్ గీతకి కంపాస్ పెట్టి చూస్తే సెంటర్ ప్రాంతం దాదాపు 80 ఎంఎం రేడియస్ వృత్తంలా వచ్చింది, రెండు జతలకీ. ఈ 80ని గుర్తుపెట్టుకోండి, కింద దీంతోనే పని.

కిలోమీటర్లు జీపీఎస్‌తో లెక్కపెడుతున్నా, బండి మీటర్‌తో కాదు. నా బండికి స్పీడ్ సెన్సర్ వెనక చక్రం మీద ఉంది. ఈ వెనక టైర్ చుట్టుకొలత సైజు లెక్క ప్రకారం 1.92 మీటర్లు. సెంటర్‌లో 5 ఎంఎం అరిగితే చుట్టుకొలత 31 ఎంఎం తగ్గుతుంది, అంటే 1.6 శాతం, అంతే శాతం మీటర్ ఎక్కువ చూపిస్తుంది. టైర్ అరిగేకొద్దీ తన ఆయుష్షు తనే పెంచి చెప్పుకుంటుందన్నమాట.

మొదటి 500

కొత్త టైర్ పైపొర నున్నగా ఉంటుంది, మొదటి వంద కిలోమీటర్ల పైచిలుకు జాగ్రత్తగా, వాల్చడం కొంచెం కొంచెం పెంచుకుంటూ నడపమని తయారీదారులే చెప్తారు. అలాగే చేశా. ఈ దశలో గ్రిప్ టెస్టుల్లేవు.

గాలి గురించి మాత్రం ఇక్కడే చెప్పుకోవాలి. వెనక 33 పీఎస్‌ఐ, ముందు 29, రెండు జతలకీ అదే, పొద్దున బండి కదలకముందు చెక్ చేస్తా. "వేడి మీద 38 చూపిస్తోంది, కాస్త తీసేయనా" అని చాలామంది అడుగుతుంటారు, తీయకండి. లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 55కి వేడెక్కితే 33 కాస్తా 37.8 అవుతుంది, మామూలు గ్యాస్ లెక్కే, వాతావరణ పీడనం 14.7 కలిపి లెక్కేస్తే వస్తుంది. పది డిగ్రీలకి ఒకటిన్నర పీఎస్‌ఐ దాటి మారుతుంది. నడిపి ఆపిన టైర్‌నీ రాత్రంతా నిలబడిన టైర్‌నీ పోల్చితే టైర్లని కాదు, గాలి వేడిని పోల్చినట్టు.

1000 దగ్గర

మెత్త జత వెనక టైర్ సెంటర్ 6.4 నుంచి 5.5కి వచ్చింది, అంటే 0.9 పోయింది. గట్టిది 7.2 నుంచి 6.7, అంటే సగం ఎంఎం. మామూలుగా అయితే ఇక్కడే భాగహారం వేసేసి మెత్తది ఆరు వేల చుట్టుపక్కలే అయిపోతుంది అని చెప్పేయొచ్చు. అది తప్పు, ఎందుకో గ్రాఫ్ పేపర్ చూస్తే తెలుస్తుంది.

టైర్ ఒంపు 80 ఎంఎం వృత్తం అనుకుందాం, పైనుంచి 1 ఎంఎం సమంగా కోసేస్తే ఎంత వెడల్పు ఫ్లాట్ వస్తుంది? 25 ఎంఎం. 2 ఎంఎం కోస్తే 50 రాదు, 36 వస్తుంది. 3 కోస్తే 43. లోతు నాలుగింతలైతే ఫ్లాట్ రెండింతలే అవుతుంది. దీంతో రెండు సంగతులు తేలతాయి. ఒకటి, ఫ్లాట్ అనేది చివర్లో వచ్చే జబ్బు కాదు, ఎక్కువ భాగం మొదట్లోనే వచ్చేస్తుంది. రెండు, ఫ్లాట్ పెరిగేకొద్దీ ప్రతి ఎంఎంకీ పోవాల్సిన రబ్బరు పెరుగుతుంది, మొదటి ఎంఎంతో పోలిస్తే రెండోదానికి దాదాపు రెట్టింపు, మూడోదానికి అంతకన్నా ఎక్కువ. కాబట్టి రోజూ ఒకే రకంగా నడిపితే లోతు తగ్గే వేగం మెల్లగా దిగుతుంది. నిజం టైర్ బరువుకి నేలమీద నొక్కుకుంటుంది, బ్లాకులు (గాడుల మధ్య ఉండే రబ్బరు ముక్కలు) అటూఇటూ ఊగుతాయి, అందుకని లెక్క ఇంత శుభ్రంగా ఉండదు, కానీ దిశ ఇదే.

3000 దగ్గర కొలిస్తే అదే కనిపించింది. మెత్తది మొత్తం 2.1 పోయింది, సూటి లెక్క ప్రకారమైతే 2.7 పోవాలి. గట్టిది 1.2.

పొడి రోడ్డు బ్రేకింగ్, ఏమీ తేలని టెస్ట్

పర్మిషన్ తీసుకుని ఖాళీగా ఉన్న ప్రైవేట్ యార్డులో చేశా, ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద ఇలాంటివి చేయొద్దు. 50 నుంచి సున్నాకి, ఏబీఎస్ ఆన్‌లోనే. కొలవడానికి సెకనుకి పదిసార్లు రీడింగ్ తీసే జీపీఎస్ లాగర్. ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే తీస్తుంది, 50లో సెకనుకి బండి 14 మీటర్లు పోతుంది, అంటే మొత్తం బ్రేకింగ్ ఒకటి రెండు చుక్కల్లో అయిపోతుంది. ఫోన్ యాక్సెలరోమీటర్ వాడదామంటే బ్రేక్ కొట్టగానే బండి ముక్కు కిందికి వంగుతుంది, మూడు డిగ్రీలు వంగినా గురుత్వాకర్షణలో ఒక ముక్క కలిసిపోయి 0.05 జీ (గురుత్వ త్వరణంలో ఇరవయ్యో వంతు) ఎక్కువ చూపిస్తుంది. నాకు కావాల్సిన తేడాలే ఆ సైజులో ఉంటాయి.

ఫలితం ఏంటంటే రెండు జతలకీ ఒకటే అంకె, 0.95 జీ చుట్టుపక్కల. దీన్ని చూసి గ్రిప్ సమానం అనుకోకూడదు. పొట్టి వీల్‌బేస్ రోడ్ బైక్‌కి పొడి రోడ్డు మీద ముందుగా అడ్డొచ్చేది టైర్ కాదు, వెనక చక్రం లేవడం. బరువంతా ముందుకి వచ్చేసి వెనక చక్రం తేలిపోతుంటే ఏబీఎస్ బ్రేక్ వదులుతుంది. ఆ హద్దు బండి ఎత్తు, పొడుగు, మనం కూర్చున్న తీరు మీద ఉంటుంది, ఎంత మంచి టైర్ వేసినా అది మారదు. "ఈ టైర్ వేశాక బ్రేకింగ్ అదిరిపోయింది" అని పొడి రోడ్డు వీడియో ఎవరైనా పెడితే నేనైతే పాత టైర్‌లో గాలి ఎంతుందో అడుగుతా.

తడి రోడ్డు, ఇక్కడ తేలింది

అదే యార్డు, పైపుతో తడిపి. నీళ్లు నిలవకుండా, కేవలం తడిగా. మెత్త జత 0.78 జీ, గట్టి జత 0.68. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ 50 నుంచి ఆగే దూరంలో వేస్తే 12.6 మీటర్లకి 14.5, దాదాపు బండి పొడుగంత తేడా. ఈ అంకెలు కాస్త వేడెక్కిన టైర్లతో. చల్లటి టైర్లతో రెండూ తగ్గాయి, గట్టిది ఎక్కువ తగ్గింది.

తడిలో టైర్ చేయాల్సింది నీటి పొరని పక్కకి తోసి రోడ్డు రాళ్ల గరుకుని పట్టుకోవడం. పట్టుకోవడంలోనూ రెండు రకాలు, రబ్బరు ఉపరితలానికి అంటుకోవడం ఒకటి, గరుకులోకి దిగి నలిగి మళ్లీ తేరుకునేటప్పుడు శక్తి పోగొట్టుకోవడం రెండోది. తడిలో మొదటిది బాగా దెబ్బతింటుంది, రెండోదాని మీదే ఎక్కువ ఆధారం, అందుకే కాంపౌండ్ తేడా బయటపడుతుంది. పలచటి తడిలో, ఈ స్పీడ్‌లో, గాడి లోతు పాత్ర తక్కువే. నీళ్లు నిలిచిన చోట స్పీడ్‌గా పోయినప్పుడు మాత్రం గాడులే కాపాడాలి. నాసా వాళ్ల పాత విమానం టైర్ల లెక్క ఒకటుంది, గాలి పీడనం వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే టైర్ నీటిమీద తేలే స్పీడ్ గంటకి మైళ్లలో వస్తుంది. 33 పీఎస్‌ఐకి దాదాపు 96 కి.మీ. కొత్త బైక్ టైర్ ఒంపుగా ఉంటుంది కాబట్టి నీళ్లని చీల్చుకుపోతుంది, దానికి ఈ లెక్క అలాగే వర్తించదు. కానీ సెంటర్ బల్లపరుపుగా అరిగాక, గాడి కూడా పలచబడ్డాక, ఆ ఒంపు ఇచ్చే లాభం కూడా పోతుంది కదా.

తడిలో మలుపు టెస్ట్ చేయలేదు, చేయను. కాగితం మీద లెక్క చాలు. 30 మీటర్ల రేడియస్ మలుపులో 50తో పోతే బండి 33 డిగ్రీలు వాలుతుంది, పక్కకి 0.65 జీ వాడేస్తున్నాం. మొత్తం గ్రిప్ 1 ఉంటే అప్పటికీ బ్రేక్‌కి 0.75 మిగులుతుంది, పర్లేదు. అదే మొత్తం 0.7 ఉంటే మిగిలేది పావు జీ. గ్రిప్ 30 శాతం తగ్గితే బ్రేక్‌కి మిగిలింది మూడోవంతుకి పడిపోయింది. 0.68 ఉన్న గట్టి జతకి ఇంకా తక్కువ.

ముందు టైర్ సంగతి

ముందు టైర్‌ది వేరే కథ, సెంటర్ కంటే భుజాలే అరుగుతాయి, మెల్లగా మధ్యభాగం ముక్కులా పైకి తేలినట్టు అవుతుంది. మెత్త జతలో కుడి భుజం ఎడమదానికంటే 0.4 ఎంఎం ఎక్కువ పోయింది. ఎడమవైపు నడిచే చోట ఇది మామూలే. రోడ్డు ఎడమ అంచుకి వాలుగా ఉంటుంది, బండి నిటారుగా ఉంటే టైర్ కాస్త కుడివైపు ఆనుతుంది, పైగా కుడి మలుపులు ఎడమ మలుపుల కంటే కాస్త పెద్దవి. కుడివైపు నడిచే దేశాల్లో దీనికి రివర్స్.

గట్టి జత ముందు టైర్ మీద చెయ్యి తిప్పితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు తిప్పితే పళ్లు తగిలినట్టు ఉంది. ప్రతి బ్లాక్‌కీ ఒక అంచు ఎక్కువ, ఒక అంచు తక్కువ అరిగింది. బ్రేక్ వేసినప్పుడు బ్లాక్ వంగి ఒక అంచు మీద రాసుకోవడం వల్ల ఇది. గాలి తక్కువున్నా సస్పెన్షన్ డ్యాంపింగ్ పోయినా త్వరగా వస్తుంది. బండి కాస్త వాల్చితే గుర్రుమని శబ్దం, హ్యాండిల్‌లో సన్నటి వణుకు. గ్రిప్ అంకెల్లో ఏమీ కనిపించలేదు, చిరాకు మాత్రం ఉంది.

5000 దగ్గర, ఒక్కో జత మీద

మెత్త జత వెనక సెంటర్ 3.3 మిగిలింది, 3.1 పోయింది. కాంటూర్ గేజ్ గీతలో ఫ్లాట్ దాదాపు 47 ఎంఎం. గట్టిది 5.6 మిగిలింది, 1.6 పోయింది, మెత్తదాంట్లో సగమే. అయితే ఫ్లాట్ కూడా సగం ఉండాలి కదా, లేదు, 35 ఎంఎం. లోతు సగం అరిగితే ఫ్లాట్ 70 శాతం వచ్చేస్తుందని పైన చెప్పిన లెక్కే, పేపర్ మీద పక్కపక్కన పెడితే రెండు గీతలూ చూడ్డానికి అన్నల్దమ్ముల్లా ఉన్నాయి.

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. గట్టి టైర్ డబుల్ నడుస్తుంది అని కొంటాం, నిజంగానే నడుస్తుంది, కానీ ఆ నడిచేదాంట్లో ఎక్కువ భాగం బల్లపరుపు సెంటర్‌తోనే నడుస్తుంది. 35 ఎంఎం ఫ్లాట్ అంటే 80 రేడియస్ మీద దాని అంచు దాదాపు 12, 13 డిగ్రీల వాలు దగ్గర ఉంటుంది. మామూలు రోడ్డు మలుపులన్నీ ఆ అంచు దాటే పోవాలి. నడిపితే ఎలా ఉంటుందంటే, మొదట హ్యాండిల్ బరువుగా ఉంటుంది, బండి వాలనంటుంది, కాస్త గట్టిగా తోస్తే అంచు దాటగానే ఒక్కసారిగా దబ్బున పడిపోతున్నట్టు వాలుతుంది. మలుపు మధ్యలో చిన్న సర్దుబాటు చేద్దామంటే మళ్లీ అంచు మీదే తచ్చాడుతుంది. మెత్త జతలో ఫ్లాట్ వెడల్పే గానీ దాని అంచు గుండ్రంగా అరిగింది, భుజం కాంపౌండ్ మెత్తది కాబట్టి అదీ కొంచెం కొంచెం పోతూ సెంటర్‌తో కలిసిపోయింది. గట్టిదానిలో భుజం దాదాపు కొత్తగానే ఉంది, దాంతో అంచు పదునుగా నిలిచింది. గోరు పెట్టి అడ్డంగా లాగితే గట్టిదాని మీద ఆ అంచు తెలుస్తుంది, మెత్తదాని మీద వెతుక్కోవాలి.

తడి బ్రేకింగ్ మళ్లీ చేశా. మెత్తది 0.78 నుంచి 0.73కి దిగింది, గట్టిది 0.68 నుంచి 0.67. భుజం మీద షోర్ మీటర్ మెత్తదానికి 57 ఉన్నది 60 చూపిస్తోంది, గట్టిదాంట్లో ఒక్క పాయింట్ మార్పు, అది మీటర్ ఊగిసలాట కూడా కావచ్చు. తేడా 0.10 నుంచి 0.06కి తగ్గింది అన్నమాట, అయినా మెత్తదే ముందుంది.

ఇంక లోతు హద్దుల సంగతి, బైకులకి బ్రిటన్‌లో 1 ఎంఎం, జర్మనీలో 1.6, ఇలా దేశానికొకటి ఉంది. అవి నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన హద్దులు, బండి ఎలా తిరుగుతుందో వాటికి పట్టదు. గట్టి టైర్ ఆ హద్దు చేరేలోపు ఇంకా ఎన్ని వేలు ఇలా మొండిగా తిరగాలో లెక్కేస్తే, అంత ఓపిక నాకు లేదు. స్ట్రెయిట్ రోడ్ల మీద లగేజీతో పోయేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు, వాళ్లకి గట్టి జతే కరెక్ట్, అందులో నాకు డౌట్ లేదు.

ప్రస్తుతానికి గట్టి జత బండి మీద ఉంది. గట్టి జత వెనక టైర్‌ని లోతు చూసి కాకుండా ఫ్లాట్ చూసి, 40 ఎంఎం దాటితే దింపేద్దామని అనుకుంటున్నా, అప్పటికి ఇంకా 5 ఎంఎం ట్రెడ్ ఉన్నా సరే. ఈలోపు ముందు గాలిని 29 నుంచి 31కి పెంచి ఆ పళ్లు తగ్గుతాయేమో చూడాలి, దానికి చక్రం విప్పకుండానే వారానికోసారి చెయ్యి తిప్పి, అదే మూడు గుర్తుల దగ్గర బ్లాక్ ముందంచు, వెనకంచు రెండూ కొలిచి రాస్తున్నా.